గోంగూర పచ్చడిలో ఆముదం విషం వెతికిన రోజులు

గూఢచారులు మా ల్యాబుకు రాలేదు

విషాలను పరీక్షించే ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు తార్నాకలోని మా ఇంటికి వస్తుంటారు. టీ కప్పు కింద పెట్టకముందే వాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, మీ సర్వీసులో ఎప్పుడైనా రిసిన్ కేసు వచ్చిందా?" అడిగేటప్పుడు గొంతు కాస్త తగ్గిస్తారు, పక్కింటి వాళ్లు వింటారేమో అన్నట్టు. "వచ్చింది" అంటే కళ్లు పెద్దవవుతాయి. "అందులో రిసిన్ తప్ప మిగతావన్నీ ఉన్నాయి" అంటే మొహాలు వేలాడేస్తారు.

వాళ్ల తప్పేం లేదు. ఆముదం గింజలో ఉండే ఆ విషానికి ఉన్నంత పేరు మా శాఖలో మరే విషానికీ లేదు. లండనులో వంతెన దగ్గర బస్సు కోసం నిలబడ్డ ఒక పరదేశీ రచయితను ఎవరో గొడుగుతో పొడిచారట, నాలుగు రోజులకు ఆయన పోయాడట, ఆయన తొడలో దొరికిన పిసరంత గుండులో ఉన్నది ఇదేనట. ఆ కథ నేను చదువుకునే రోజుల్లోనే యూనివర్సిటీ క్యాంటీన్‌లో చేరింది. తర్వాత పరాయి దేశాల్లో పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకు కవర్లలో తెల్లపొడి వచ్చిందన్నప్పుడల్లా ఈ పేరే వినబడేది. విరుగుడు లేదు, రుచి లేదు, ప్రాణం తీస్తుంది. ఇంతకంటే మంచి విలన్ ఎక్కడ దొరుకుతాడు?

నేను పుట్టింది నల్లగొండ జిల్లాలో. మా చేల నిండా ఆముదమే. మేకలు కూడా ఆ ఆకు జోలికి వెళ్లేవి కావు. గింజలు నోట్లో పెట్టుకుంటే మా అమ్మ వీపు విమానం మోత మోగించేది. విషం గింజలోనే ఉంటుంది, నూనెలోకి దిగదు. అందుకని అదే అమ్మ ఆముదాన్ని మా తలకూ, కీళ్లకూ, పురుగు పట్టకుండా కందిపప్పుకూ రాసేది. అంతర్జాతీయ గూఢచారుల ఆయుధం మా ఇంట్లో గోనెసంచుల్లో పడి ఉండేదని నాకు ఎమ్మెస్సీలో గానీ తెలియలేదు.

ఉద్యోగంలో చేరాక అసలు సంగతి అర్థమైంది. మా దగ్గరికి వచ్చేది పురుగుమందు. అది కాకపోతే ఎలుకల మందు. అదీ కాకపోతే గన్నేరు పప్పు. అప్పులో, పంటలో, పెళ్లిలో మనసు విరిగిన మనుషుల కడుపులు సీసాల్లో సీలు వేసుకుని వస్తాయి. ఇందులో రహస్యం తక్కువ, దుఃఖం ఎక్కువ. నవ్వు వచ్చే కేసులు ఎప్పుడో గానీ రావు. విద్యానగర్ నుంచి ఒకాయన భార్య తనకు విషం పెడుతోందని స్టేషన్‌లో ఫిర్యాదు చేసి, సాక్ష్యంగా టిఫిన్ డబ్బాలో ఉప్మా ఇచ్చాడు. పోలీసులు దాన్ని సీలు వేసి మాకు పంపారు. అన్ని పరీక్షలూ చేశాం. అందులో ఉన్నది ఉప్మాయే. అది బాగాలేదని రాసే అధికారం మా శాఖకు లేదు.

పెద్దసారు, ఆయనకు ఇష్టమైన వాక్యం

మా డైరెక్టరు రంగనాథం గారిది కృష్ణా జిల్లా. మంచి కెమిస్టు, మంచి మనిషి, అంతకుమించిన పిరికివాడు. ఆ గొడుగు కథ మాకందరికీ మళ్లీ మళ్లీ చెప్పింది ఆయనే. వానాకాలంలో బస్టాపులో గొడుగు ఉన్నవాళ్లకు దూరంగా నిలబడి తడిసేవారు. జలుబుతో ఆఫీసుకు వస్తే మేం కారణం అడిగేవాళ్లం కాదు.

ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. సీలు ఎలా చూడాలో, సీసా ఎలా పట్టుకోవాలో, కోర్టులో లాయరు అరిచినప్పుడు నీళ్లు ఎలా తాగాలో అన్నీ ఆయనే చెప్పారు. నేర్చుకోనిది ఒక్కటే, ఆయన వాక్యం. ఏ కేసు కాస్త చిక్కుగా అనిపించినా రిపోర్టు చివర "విషం లేదని నిర్ధారించలేము" అని రాసేవారు. చూడటానికి ఎంత నిజాయితీగా ఉంటుందో. కానీ ఈ భూమ్మీద ఏ తిండి గురించైనా ఆ మాట రాయొచ్చు. మీరు ఈ పొద్దున తాగిన కాఫీ గురించి కూడా.

పిల్లలూ, తెలియకపోతే తెలియదని రాయండి. పరికరం లేకపోతే లేదని రాయండి. తెలిసి కూడా ఆ వాక్యం వెనక దాక్కుంటే మాత్రం మీరు సైన్సు చేయడం లేదు, తలుపు గడియ పెట్టుకుంటున్నారు. గడియ అవతల ఎవరో ఒకరు నిలబడే ఉంటారు. ఆ మాట నాకు తెలిసొచ్చింది ఎస్తేరు టీచరు కేసులో.

తార్నాక చౌరస్తాలో భోజనాలు

అది సకలజనుల సమ్మె ఇంకా రాని రోజులు, ఎండాకాలం చివర. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా, చౌరస్తా చౌరస్తాలో వంటావార్పు నడుస్తోంది. అంటే రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే కూర్చుని తినడం. తినేదాకా బండ్లు కదలవు. రాస్తారోకోకు పప్పన్నం జోడించిన ఘనత మాదే. నేను ప్రభుత్వ ఉద్యోగిని కాబట్టి నినాదాలు ఇవ్వలేదు గానీ, ఆ పొగ వాసనకు నా కడుపు నినాదాలు ఇచ్చేది.

తార్నాకలో ఏర్పాట్లన్నీ క్యాంపస్ హాస్టల్ పిల్లలవి. వాళ్లకు నాయకుడు రవీందర్ అని చరిత్ర శాఖలో పరిశోధన చేసే అబ్బాయి. మా జిల్లావాడే. చిన్నప్పుడు మేనమామ ఇంట్లో ఉండి తార్నాకలోని బడిలో చదివాడు. ఆ బడిలో లెక్కలు చెప్పింది ఎస్తేరు టీచరు. ఆమెది రేపల్లె దగ్గర ఊరు. భర్త చర్చి ఆఫీసులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు, ఇక్కడే పోయాడు. రిటైరయ్యాక ఆమె మా వెనక వీధిలో ఒక్కతే ఉండేది.

వంటావార్పు ముందు రోజు రవీందర్ ఆమె ఇంటికి వెళ్లి, "టీచర్, గోంగూర మాత్రం మీ చేతిది కావాలె" అన్నాడట. రాష్ట్రం రెండు ముక్కలవడం ఆమెకు ఇష్టమో కాదో ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. పెద్ద స్టీలు డబ్బా నిండా పచ్చడి నూరి ఇచ్చింది.

మిగతా వంట మగపిల్లలు మేమే చేస్తామని పంతం పట్టారు. పొద్దున్నే టెంట్ హౌస్ నుంచి పెద్ద రాగి దేగ్చా కిరాయికి తెచ్చి, అందులో చింతపండు పిసికి, ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు వేసి పచ్చిపులుసు కలిపారు. పచ్చిపులుసుకు పొయ్యి అక్కర్లేదు కాబట్టి వాళ్లకు ముందుగా వచ్చిన వంట అదే. తర్వాత అన్నం, పప్పు ఉడికాయి. తర్వాత ఉపన్యాసాలు మొదలయ్యాయి.

ఉద్యమంలో అందరూ త్యాగాలు చేశారు గానీ, మైకు త్యాగం చేసినవాళ్లను నేను చూడలేదు. "ఒక్క నిమిషం" అని అందుకున్న ప్రతివాడూ నిజాం కాలం నుంచి మొదలుపెట్టాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. అన్నం చల్లారింది. పులుసు దేగ్చాలోనే ఉండిపోయింది.

ఎట్టకేలకు బంతి వేశారు. తిన్న అరగంటలోపే మొదటి వరసలో కూర్చున్నవాళ్లు పక్కకు పరుగెత్తి కక్కడం మొదలుపెట్టారు. చూస్తుండగానే చౌరస్తా అంతా వాంతులు, కడుపు పట్టుకుని కూలబడ్డ మనుషులు. రవీందర్ నలుగురిని అంబులెన్సు ఎక్కించి, ఐదోవాడిగా తానే ఎక్కాడు.

అప్పుడు ఎవరో అన్నారు: "పచ్చడి ఆంధ్రా టీచర్ ఇచ్చింది." ఇంకెవరో ఆమె ఇంటి గోడ వెంట ఆముదం చెట్లు చూశారు. డాబా మీద చాటలో ఎండుతున్న గింజలు కూడా చూశారు. సాయంత్రానికి ఒక టీవీ చానెల్‌లో ఆముదం గింజ తెర నిండా గిరగిరా తిరుగుతోంది. పక్కన నల్ల గొడుగు. కింద "తార్నాకలో గూఢచారి విషం?" అని ఎర్ర అక్షరాలు. టీచరు ఇంటి గేటు ముందు జనం చేరారు. రాయి ఒకటి కిటికీకి తగిలింది. పోలీసులు ఆమెను రక్షణ కోసమని స్టేషన్‌కు తీసుకుపోయారు. అక్కడికి వెళ్లాక రక్షణ ఎప్పుడు విచారణగా మారిందో ఎవరూ చెప్పలేదు.

ఆ విషానికి తీరిక ఎక్కువ

మర్నాడు పొద్దున నేను ల్యాబుకు వెళ్లేసరికి పచ్చడి డబ్బా, పులుసు, పప్పు, అన్నం అన్నీ సీలు వేసి బల్ల మీద ఉన్నాయి. పెద్దసారు డబ్బాకు దూరంగా, కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు.

"సులోచన గారూ, మాస్కు వేసుకోండి. అది రిసిన్ అయితే?"

"కాదు సార్. తిన్న అరగంటకే కక్కుకున్నారు."

"అయితే?"

"ఆముదం విషం కడుపులోకి పోతే వెంటనే ఏమీ తెలియదు కదండీ. గంటలు గంటలు గడవాలి. దానికి తీరిక ఎక్కువ. తిన్నవాడు ఇంటికి పోయి, పడుకుని లేచాక గానీ మొదలవదు."

ఆయన తల ఊపారు. తెలియక కాదు, ఆ పాఠం నాకు చెప్పింది ఆయనే. కానీ భయం వేసినప్పుడు మనిషికి ముందు గుర్తొచ్చేది పాఠం కాదు, టీవీ.

చిక్కేమిటంటే, ఆ విషం పచ్చడిలో లేదని తేల్చే పరీక్షకు కావలసిన సరంజామా మా దగ్గర లేదు. వేరే ఊరికి పంపాలి. జవాబు రావడానికి వారాలు పడుతుంది. వారాలపాటు ఆమె స్టేషన్‌లోనూ, ఆ రాయి విసిరినవాళ్లు వీధిలోనూ ఉంటారు. కాబట్టి పచ్చడిలో ఏం లేదో వెతకడం మానేసి, వాళ్ల కడుపుల్లో ఏముందో వెతకాలనుకున్నాను. మా పని ల్యాబులోనే అనుకునే పిల్లలు ఇక్కడ కాస్త ఆగండి. సీసా ఎంత చెప్పినా, తిన్నవాడు చెప్పినంత చెప్పదు.

రవీందర్ ఆసుపత్రిలో సెలైన్ పెట్టుకుని, వాడిన తోటకూర కట్టలా పడి ఉన్నాడు.

"ఏమేం తిన్నవు?"

"అన్నం, పప్పు, గోంగూర. పచ్చిపులుసు రెండు గ్లాసులు తాగిన మేడం. ఎండకు నోరు ఎండుకపోయింది."

"రుచి ఎట్లున్నది?"

కాసేపు ఆలోచించాడు. "పచ్చడి మంచిగనే ఉన్నది. పులుసే జర తేడా కొట్టింది. నాలుక మీద పాత పైస పెట్టుకున్నట్టు. చింతపండు పాతదేమో అనుకున్న."

పక్క మంచాల వాళ్లను అడిగాను. పులుసు ఎక్కువ తాగినవాళ్లు ఎక్కువ కక్కారు. పులుసు ముట్టనివాడు ఒకడే ఉన్నాడు. వాడు ఉన్నది కూడా తోటివాళ్లకు తోడుగా.

పోలీసుల కడుపులు

అక్కడి నుంచి తార్నాక చౌరస్తాకు వెళ్లాను. దేగ్చా టెంటు పక్కన బోర్లించి ఉంది. తిప్పి చూస్తే లోపల కళాయి చాలా చోట్ల లేచిపోయి ఎర్రటి రాగి బయటపడింది. రాగి గిన్నెలో పులుపు నిలవ ఉంటే రాగి అందులోకి దిగుతుంది, అది కడుపులో పడగానే తిప్పికొడుతుంది. అందుకే ఆ గిన్నెలకు తగరంతో కళాయి పెట్టిస్తారు. బిర్యానీకి ఇచ్చే దేగ్చాలో చింతపండు రసం కలిపి, నడినెత్తి ఎండలో, అన్ని ఉపన్యాసాలు అయ్యేదాకా ఉంచితే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివిన ఎవరైనా చెప్పగలరు. వంట చేసిన పిల్లల్లో కెమిస్ట్రీ వాళ్లు ముగ్గురున్నారు. వాళ్లు కూడా ఆ వేళకు మైకు కోసం వరసలో ఉన్నారట.

బందోబస్తులో ఉన్న హెడ్ కానిస్టేబుల్ యాదగిరి నా వెనకే వచ్చి నిలబడ్డాడు. అటూ ఇటూ చూసి మెల్లగా అన్నాడు.

"మేడం, ఒక ముచ్చట. పచ్చడిల ఏం లేదు."

"నీకెట్ల తెలుసు?"

"మేం గుడ తిన్నం. పొద్దుగాల్నుంచి ఎండల నిలబడ్డం గదా, పోరగాళ్లే పాపం వ్యాన్ ఎనకకు తెచ్చి పెట్టిండ్రు. అన్నం, గోంగూర. పులుసు అప్పటికింక ముట్టలే. ఉపన్యాసాలు ఒడిసినంకనే పోస్తమన్నరు."

"ఎంతమంది తిన్నరు?"

"వ్యాన్ల ఉన్నోళ్లందరం."

"మీ ఇన్‌స్పెక్టర్ సారు?"

యాదగిరి నేల చూశాడు. "సార్ మారు గుడ అడిగిండు."

అంటే ఎస్తేరు టీచరు నిర్దోషి అనడానికి ఇంతకు మించిన సాక్ష్యం లేదు, ఆ సాక్ష్యం ఉన్నది పోలీసుల కడుపుల్లో. కానీ ఉద్యమాన్ని అడ్డుకోవడానికి వచ్చినవాళ్లు ఉద్యమం వండిన అన్నం తిన్నామని కాగితం మీద ఎలా చెబుతారు? పైవాళ్లు ఊరుకుంటారా? స్టేషన్‌కు వెళ్లి ఇన్‌స్పెక్టర్ గారిని నేరుగానే అడిగాను.

"అట్లాంటిదేం లేదు మేడం. మా వాళ్లు డ్యూటీలో ఏం తినరు."

"సరే. అయితే పచ్చడి తిన్నవాళ్లందరి రక్తం పరీక్ష చేయాలని రాస్తాను. వ్యాను దగ్గర విస్తళ్లు కనబడ్డాయి కాబట్టి మీ సిబ్బందితో మొదలుపెడదాం."

ఆయన చాలాసేపు దగ్గారు. గ్లాసెడు నీళ్లు తాగారు. కిటికీలోంచి చూశారు. ఆ పక్కగదిలో బెంచీ మీద ఎస్తేరు టీచరు చేతులు ఒడిలో పెట్టుకుని, పిల్లలు రాని క్లాసులో కూర్చున్నట్టు కూర్చుని ఉంది. ఆయన కూడా ఆమెను చూశారు. అప్పుడు రైటరును పిలిచి చెప్పారు: "రాయి. బందోబస్తులో భాగంగా మేము ముందుగా ఆహారాన్ని పరిశీలించాము."

"ఎలా పరిశీలించారు సార్?" అని రైటరు అడిగాడు.

"నోటితో."

ఆ వాంగ్మూలం కింద వ్యానులో ఉన్న ప్రతి ఒక్కరూ సంతకం పెట్టారు. ఇన్‌స్పెక్టర్ గారి మీద నాకు అప్పటిదాకా ఉన్న అభిప్రాయం మారింది. తిన్న అన్నానికి ఆయన న్యాయం చేశారు.

బయటికి వస్తూ టీచరు దగ్గర ఒక్క క్షణం ఆగాను. పేరు చెప్పుకుని, ఎలా ఉన్నారని అడిగాను. ఆమె తన గురించి ఏమీ చెప్పలేదు.

"రవీందర్ బాగున్నాడాండీ?"

"తేరుకున్నాడు."

"వాడు కూడా నేనే పెట్టాననుకున్నాడా?"

నేను అడగలేదు. అందుకే తెలియదన్నాను. ఆమె మళ్లీ చేతులు ఒడిలో పెట్టుకుంది.

ఎవరి పరువు వారిది

ల్యాబుకు వచ్చి పులుసులో మా రసాయనం చుక్క వేయగానే ఇటుక రంగు తిరిగింది. రాగి. పరికరం మీద పెట్టి ఎంతుందో కూడా తేల్చాం. ఆ మోతాదుకు కక్కకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి. పచ్చడిలో, పప్పులో, అన్నంలో రాగి లేదు.

అప్పుడు హాస్టల్ నుంచి ఇద్దరు పిల్లలు వచ్చారు. ఎలా తెలిసిందో తెలియదు, అప్పటికే వాళ్లకు తెలుసు.

"మేడం, మీరు మనోళ్లే గదా. పచ్చిపులుసు అని మాత్రం రాయకుండ్రి."

"ఎందుకు?"

"పరువు పోతది మేడం. టీవీల మొత్తం నవ్వుతరు. పచ్చిపులుసు మన ఆత్మగౌరవం."

"ఆత్మగౌరవాన్ని కళాయి లేని దేగ్చాల ఎవరు కలపమన్నరు?" అన్నాను. వాళ్లలో చిన్నవాడికి నవ్వొచ్చింది. పెద్దవాడు వాడి కాలు తొక్కాడు. "పులుసు తప్పేం లేదు బిడ్డా, దేగ్చాది తప్పు. ఇంకా గట్టిగ చెప్పాలంటే మీ ఉపన్యాసాలది. అది రాయడానికి నా దగ్గర పరీక్ష లేదు కాబట్టి బతికిపోయిండ్రు" అన్నాను. వాళ్లు తలొంచుకుని పోయారు.

తర్వాత పెద్దసారు. రిపోర్టు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఒకే అద్దాన్ని మళ్లీ మళ్లీ తుడిచారు.

"అంతా బాగుంది. చివర ఒక్క వాక్యం చేర్చండి. రిసిన్ లేదని నిర్ధారించలేము."

"ఎందుకు సార్? లక్షణాలు దానివి కాదు. వేళ దానిది కాదు. పచ్చడి తిన్న పోలీసులు నిక్షేపంగా ఉన్నారు. కారణం చేతిలో ఉంది."

"అవన్నీ నాకు తెలుసమ్మా." మొదటిసారి ఆయన నన్ను అమ్మా అన్నారు. "ఆమెది రేపల్లె. నాది కృష్ణా జిల్లా. ఈ కాగితం మీద నా సంతకం ఉంటే రేపు ఏమంటారో ఆలోచించావా? ఆంధ్రా ఆఫీసరు ఆంధ్రా ఆవిడను తప్పించాడంటారు. నా పిల్లలు ఈ ఊళ్లోనే చదువుతున్నారు."

అంతకుముందు ఆ పిరికితనాన్ని చూసి ఎన్నోసార్లు నవ్వుకున్నాను. ఆ పూట నవ్వు రాలేదు. ఆయన భయం ఉత్తిది కాదు, మా వెనక వీధిలో పగిలిన కిటికీ అంత నిజం. కానీ ఆ ఒక్క వాక్యం చేరిస్తే టీచరు ఇంటికి రావచ్చేమో గానీ, వీధిలో ఆమె వంక చూసే ప్రతి కన్నూ ఆ వాక్యాన్నే చదువుతుంది. బతికినంత కాలం ఆమె చేతి వంట మీద అనుమానం ఉంటుంది.

"అయితే సంతకం నేను ఒక్కదాన్నే పెడతాను సార్. నాది నల్లగొండ. నన్ను ఏమనాలన్నా వాళ్లకు మాట దొరకదు. ఆ వాక్యం మాత్రం పెట్టను."

ఆయన కాగితాన్ని నా వైపు జరిపారు. నేను సంతకం చేశాను. తలుపు దాటబోతుంటే వెనక నుంచి పిలిచారు. కాగితం తీసుకుని నా సంతకం పక్కన తనది కూడా పెట్టారు. అక్షరాలు కాస్త వంకరపోయాయి. మా ల్యాబులో ఆయన చేసిన సంతకాలన్నిటిలో నాకు నచ్చింది అదే.

ఇంటి తాళం

ఆ సాయంత్రమే ఆమెను పంపేశారు. టీవీ వాళ్లు సంగతిని కింద పాకే అక్షరాల్లో వేసి, వెంటనే నగల ప్రకటనకు వెళ్లారు. ఆముదం గింజ తెర మీద తిరిగినంతసేపు ఆ అక్షరాలు పాకలేదు. మీరు కేసు తేల్చిన రోజు ఎవరో వచ్చి దండ వేస్తారని చూడకండి. అబద్ధానికి రంగుల బొమ్మ వేస్తారు, నిజానికి ఒక గీత దొరికితే గొప్ప.

రెండు రోజులకు ఆమె ఇల్లు ఖాళీ చేస్తోందని మా పనమ్మాయి చెప్పింది. రేపల్లెలో ఉన్న చెల్లెలు రమ్మంటోందట. నాకు కోపమొచ్చింది. నేరం లేదని అంత కష్టపడి తేలిస్తే ఈమె శిక్ష ఎందుకు వేసుకుంటోంది? కానీ కాసేపటికి స్టేషన్‌లో ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. దానికి నా రిపోర్టులో జవాబు లేదు. ఆసుపత్రి నుంచి వచ్చి హాస్టల్‌లో ఉన్న రవీందర్‌ను పిలిపించి, "నడువు" అన్నాను.

గేటు దగ్గరికి వచ్చాక వాడు ఆగిపోయాడు. "మీరే చెప్పుండ్రి మేడం" అన్నాడు. "నేను చెప్పాల్సింది రాసిచ్చిన. మిగతాది నీదే" అన్నాను.

ముందుగదిలో ట్రంకు పెట్టె తెరిచి ఉంది, పక్కనే గేటుకు వేయడానికి తీసిన ఇంటి తాళం. కిటికీ పగిలిన చోట అట్ట ముక్క అంటించి ఉంది. టీచరు మమ్మల్ని చూసి లేచింది. వాడిని కూర్చోమనలేదు. వాడూ కూర్చోలేదు.

"ఒక్కటే అడుగుతాను అబ్బాయ్, నిజం చెప్పు. ఆ రోజు ఆసుపత్రిలో, అందరూ అలా అంటున్నప్పుడు, నువ్వేమనుకున్నావు?"

వాడు అబద్ధం చెబితే బాగుండునని నాకు అనిపించింది. మా వృత్తిలో అలా అనిపించకూడదు.

"నమ్మిన టీచర్" అన్నాడు వాడు. "మేడం వచ్చి అడిగేదాక నమ్మిన."

ఆమె మొహంలో రంగు మారింది. తర్వాత ఆమె వంటింట్లోకి వెళ్లింది. వెళ్లిపొమ్మన్నట్టేననుకుని నేను గుమ్మం వైపు తిరిగాను. కానీ ఆమె కంచంలో అన్నం, పప్పు, పక్కన గోంగూర పెట్టుకుని వచ్చింది. కంచాన్ని బల్ల మీద పెట్టి, వాడి ముందు నిలబడి, తానే అన్నంలో చెయ్యి పెట్టి పచ్చడి కలిపింది. ఒక ముద్ద చేసి తన నోటి దగ్గరికి తీసుకుంది.

"ముందు నేను తింటాను. ఇక మీదట ఎవరికి పెట్టినా అంతే కదా. నేను తిని బతికున్నానని చూపించి పెట్టాలి."

ఆ మాట వెటకారంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. అందుకే భరించడం కష్టమైంది.

రవీందర్ ఒక్క అంగలో ముందుకు వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "వద్దు టీచర్. మీరు ముందు తింటే నేను మల్ల గీ ఇంట్ల అడుగు పెట్టలేను." ఆ చేతిలోని ముద్దను అలాగే తన నోట్లో పెట్టుకున్నాడు. నమలలేక, మింగలేక, కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తల ఇటు తిప్పి, "కారం" అన్నాడు.

"కారం కాదు" అంది ఆమె. "మూడేళ్లు లెక్కలు చెప్పాను నీకు. నువ్వు అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. కూర్చుని తిను."

వాడు కూర్చున్నాడు. ఆమె వాడి ముందు కుర్చీ లాక్కుని, కంచం ఖాళీ అయ్యేదాకా కళ్లార్పకుండా చూసింది. అయ్యాక మారు వడ్డించింది. నేను ట్రంకు పెట్టె మూత మూసి, దాని మీద కూర్చున్నాను. ఆమె నన్ను లేవమనలేదు.